ముందు కట్టిన ఫీజు, వెనకపడ్డ జీతం



ఇంగ్లీషు మాస్టారి పేర, ఆయన పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన నిధితో జరిగే ఈ ఉపన్యాసంలో సాహిత్యం గురించో, ఇంగ్లీషు బోధన గురించో మాట్లాడటం ఆనవాయితీ. నేను లెక్కలు చూసే మనిషిని. నా చేత కవిత్వం గురించి మాట్లాడిస్తే మీకూ శిక్షే, నాకూ శిక్షే. అందుకని జీతం గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు ఒక్క క్షణం ఇబ్బంది పడి, సరేనన్నారు. ఆ ఇబ్బంది నాకు కొత్త కాదు. చదువు గురించి సభ పెడితే సరస్వతి గురించి గంట మాట్లాడుకుంటాం. ఒకటో తారీఖు సంగతి ఎత్తితే మాత్రం గొంతులు తగ్గిపోతాయి.

మాస్టారు పనిచేసింది ఎయిడెడ్ కాలేజీలో. జీతం యాజమాన్యం చేతుల మీదుగా వచ్చే రోజులవి. రిజిస్టరులో సంతకం పెట్టిన మొత్తం ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి, అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. 'బతకలేక బడిపంతులు' అని ఎవరైనా సరదాగా అంటే ఆయన నవ్వేవారు కాదు. ఆయన చెప్పిన సబ్జెక్టు ఇంగ్లీషు కాబట్టి, ఇంగ్లీషు చెప్పడానికి దేశం కాని దేశం వెళ్లి జీతాలు పోగొట్టుకున్న టీచర్ల కథ ఈ వేదిక మీద చెప్పడం పరాయి విషయమేమీ కాదనుకుంటున్నాను. కథ జపాన్‌ది. సంవత్సరం 2007.

నోవా అనే సంస్థను 1981లో ఒసాకాలో నొజోము సహాషి మొదలుపెట్టాడు. చెప్పేది ఇంగ్లీషు సంభాషణ. జపాన్‌లో స్కూల్లో ఆరేళ్లు ఇంగ్లీషు చదివినా నోరు పెగలదని బాధపడే ఉద్యోగులు, గృహిణులు, కాలేజీ పిల్లలు లక్షల్లో ఉండేవారు. ఆ బిడియమే సంస్థకు మార్కెట్. రైల్వేస్టేషన్ బయటికి రాగానే ఎదురుగా బోర్డు, లోపల గాజు గదులు, ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు విద్యార్థులకు ఒక విదేశీ టీచరు, నలభై నిమిషాల క్లాసు. విదేశానికి వెళ్లక్కర్లేదు, స్టేషన్ ఎదుటే విదేశీ చదువు అన్నది వాళ్ల ప్రచారం. పక్షి ముక్కు ఉన్న గులాబీ రంగు కుందేలు బొమ్మ టీవీలో తిరుగుతుండేది. 1996లో కంపెనీ జాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌లో షేర్లు పెట్టింది. మంచి రోజుల్లో శాఖలు తొమ్మిది వందలు దాటాయి, విద్యార్థులు నాలుగు లక్షలు, విదేశీ టీచర్లు నాలుగు వేలకు పైగా. ఆస్ట్రేలియా, బ్రిటన్, కెనడా, అమెరికా, న్యూజిలాండ్‌ల నుంచి డిగ్రీ పూర్తయిన కుర్రాళ్లు, అమ్మాయిలు నెలకు సుమారు రెండున్నర లక్షల యెన్ల జీతానికి వచ్చేవాళ్లు. చాలామందికి అదే మొదటి ఉద్యోగం.

ఇక్కడి నుంచి కాస్త లెక్కల్లోకి వెళ్లాలి, ఓపిక పట్టండి. నోవా క్లాసులు అమ్మలేదు, పాయింట్లు అమ్మింది. ఎక్కువ పాయింట్లు ఒకేసారి కొంటే ఒక్కోదాని ధర తగ్గుతుంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక విద్యార్థి కేసు ఇలా ఉంది. పాయింటు 1,200 యెన్ల చొప్పున 600 పాయింట్లు కొన్నాడు. పన్ను పక్కన పెడితే 7,20,000 యెన్లు. 386 వాడుకున్నాక మానేస్తానన్నాడు. మిగిలినవి 214. మనం ఎవరం లెక్కేసినా 2,56,800 వెనక్కి రావాలి. కంపెనీ లెక్క వేరు. నువ్వు 386 మాత్రమే వాడావు కాబట్టి నీకు 600 కొన్నవాళ్ల రాయితీ వర్తించదు, 300 కొన్నవాళ్ల ధర 1,750 చొప్పున కట్టుకుంటాం అంది. 386ను 1,750తో గుణిస్తే 6,75,500. మిగిలేది 44,500 యెన్లు. అంటే సగం దారిలో దిగిపోయే ప్రయాణికుడి దగ్గర దాదాపు పూర్తి టిక్కెట్టు వసూలు చేయడమన్నమాట. 2007 ఏప్రిల్ 3న జపాన్ సుప్రీంకోర్టు ఈ లెక్క చెల్లదని తీర్పు చెప్పింది. రెండు నెలలు దాటగానే, జూన్ 13న, ఆర్థిక వాణిజ్య పరిశ్రమల శాఖ నోవా మీద వేటు వేసింది. ఏడాదికి మించిన, లేదా 70 గంటలకు మించిన కొత్త ఒప్పందాలు ఆరు నెలల పాటు చేసుకోకూడదు.

తీర్పు న్యాయమైనదే. ప్రభుత్వ ఉత్తర్వూ న్యాయమైనదే. ఆ రెండు న్యాయాల మధ్య నలిగింది మాత్రం, ఆ పాయింట్లు ఎవరికీ అమ్మని, ఆ రూలు రాయని టీచరు. ఎలాగో చూద్దాం.

విద్యార్థి 600 క్లాసుల డబ్బు ఇవాళ కడతాడు. క్లాసులు రెండేళ్లో మూడేళ్లో జరుగుతాయి. ఆ క్లాసుల్లో కొన్ని చెప్పబోయే టీచరు ఇంకా మెల్‌బోర్న్‌లోనో టొరంటోలోనో డిగ్రీ పరీక్షలు రాస్తున్నాడు. అతను వచ్చి క్లాసు చెప్పేనాటికి ఆ క్లాసు తాలూకు డబ్బు పెట్టెలో ఉండాలి. ఉండదు. అది ఎప్పుడో కొత్త శాఖకు అడ్వాన్సు అయింది, టీవీ ప్రకటన అయింది, ఇంకో స్టేషన్ ఎదుట అద్దె అయింది. కాబట్టి ఈ నెల జీతం ఈ నెల చేరిన కొత్త విద్యార్థి ఫీజులోంచి రావాలి. మా భాషలో చెప్పాలంటే, అందిన ఫీజు ఆదాయం కాదు, అప్పు. ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు కూర్చోవాల్సిన అంకె. ఒక్కో క్లాసు చెప్పినప్పుడల్లా అందులో కొంత తీరుతుంది. అంటే ఇలాంటి సంస్థలో టీచరు చేసే పని యజమాని అప్పు తీర్చడం.

దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ఫ్యాక్టరీ మునిగేముందు ఆర్డర్లు తగ్గుతాయి, షిఫ్టులు తగ్గుతాయి, పనివాడికి గాలి మారినట్టు తెలుస్తుంది. ముందస్తు ఫీజుల మీద నడిచే బడి మునిగేముందు క్లాసులు నిండుగా ఉంటాయి. పాయింట్లు చేతిలో ఉన్నవాళ్లు అవి చెల్లకుండా పోతాయేమోనని వస్తూనే ఉంటారు. కొత్తవాళ్ల డబ్బు మాత్రం ఆగిపోయింది, పాతవాళ్లు వాపసు అడుగుతున్నారు. టీచరుకు కనిపించేది నిండిన క్లాసు. కనిపించనిది ఖాళీ అయిన ఖాతా. జీతం ఆగేదాకా అతనికి అనుమానం రాకపోవడంలో వింత లేదు.

జులై నుంచే జపనీస్ సిబ్బంది జీతాలు ఆలస్యమయ్యాయి. విదేశీ టీచర్ల జీతం ప్రతినెలా 15న పడేది. సెప్టెంబరులో ఆలస్యమైంది. అక్టోబరులో పడనే లేదు. దానికి మించిన దెబ్బ ఇంటి అద్దె. చాలామంది ఉండేది కంపెనీ చూపించిన ఫ్లాట్లలోనే. అద్దెను కంపెనీ జీతంలోంచి ముందే కోసుకునేది. కోసుకున్నది ఇంటి యజమానికి చేరడం ఆగిపోయింది. అద్దె కట్టామనుకుంటున్న మనిషి తలుపుకు ఖాళీ చేయమనే నోటీసు వచ్చింది. భాష సరిగా రాని ఊళ్లో, జీతం రాని నెలలో, తాను బాకీ పడని అద్దెకు. పే స్లిప్పులో కోత చూపించి ఆ డబ్బు కట్టాల్సిన చోట కట్టకపోవడం మన దగ్గర పి.ఎఫ్. విషయంలో ఎందరికి అనుభవమో ఈ హాల్లో చేతులెత్తమంటే తెలుస్తుంది. ఎత్తమనను లెండి, ముందు వరుసలో యాజమాన్యాల వాళ్లు కూడా ఉన్నారు.

మానేసి వెళ్లిపోవచ్చు కదా అంటారు. ఎక్కడికి? స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే అప్పట్లో నిరుద్యోగ బీమా అందడానికి మూడు నెలలు ఆగాలి. చేయకుండా ఉంటే జీతం లేని ఉద్యోగం. విమానం టిక్కెట్టుకు డబ్బుల్లేవు. స్వదేశం వెళ్లదలచుకున్న ఆస్ట్రేలియా టీచర్లకు క్వాంటాస్ రాయితీ టిక్కెట్లు ప్రకటించే పరిస్థితి వచ్చింది. ఒసాకాలోని జనరల్ యూనియన్ ఇంకో దారి వెతికింది. టీచర్లు విద్యార్థులకు పాఠం చెబుతారు, విద్యార్థులు ఫీజు బదులు తిండి ఇస్తారు. డబ్బు పోగొట్టుకున్న విద్యార్థి, జీతం పోగొట్టుకున్న టీచరు, మధ్యలో కంపెనీ లేదు. నోవా కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. కోర్టులో ఇద్దరూ ఒకే కంపెనీకి అప్పిచ్చినవాళ్లు, ఒకే గుంటలోంచి తోడుకోవలసినవాళ్లు. అయినా ఒకరి మీద ఒకరు పడలేదు.

టీచరుకు తిండి గింజలు అందించాల్సిన రోజు మనమూ చూశాం. 2021 ఏప్రిల్‌లో, కోవిడ్‌తో బడులు మూతపడి ఉండగా, తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది. అంతకుముందు కూరగాయల బండి పెట్టుకున్న లెక్కల మాస్టార్ల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. బియ్యం ఇచ్చిన ప్రభుత్వాన్ని తప్పుపట్టను. ఫీజులు వసూలు చేసినవాళ్లు జీతాలు ఎందుకివ్వలేదన్న ప్రశ్న మాత్రం ఆ 25 కిలోల సంచి కింద కప్పబడిపోయింది.

మళ్లీ ఒసాకా. 2007 అక్టోబరు 25 రాత్రి డైరెక్టర్లు సహాషిని అధ్యక్ష పదవి నుంచి తొలగించారు. 26న పునరుద్ధరణ చట్టం కింద రక్షణ కోరుతూ ఒసాకా జిల్లా కోర్టుకు వెళ్లారు. బడులన్నీ మూతపడ్డాయి. అప్పులు సుమారు 4,390 కోట్ల యెన్లు. నాలుగు రోజుల తర్వాత కోర్టు నియమించిన నిర్వాహకులు పత్రికలవాళ్లను పిలిచి అధ్యక్షుడి ఆఫీసు గది చూపించారు. ఆవిరి స్నానపు గది, టీ సేవించే సంప్రదాయ గది, మంచం. జపాన్ టీవీలో కొన్నాళ్లు అదే. జనానికి కోపం తెప్పించడానికి అంతకంటే మంచి బొమ్మ దొరకదు. ఆడిటరుగా నాకు మాత్రం ఆ గది మీద పెద్ద ఆసక్తి లేదు. అలాంటి గదులు వంద అమ్మినా 4,390 కోట్ల గుంటలో ఒక మూల కూడా పూడదు. యజమాని సన్యాసిలా చాప మీద పడుకున్నా ఆ కంపెనీ మునిగేదే. రేపటి ఫీజుతో నిన్నటి క్లాసు నడిపే ఏర్పాటు ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. విలాసం మీద ఉమ్మేసి ఇంటికెళ్లిపోతే, అదే ఏర్పాటు ఇంకో పేరుతో పక్క వీధిలో తెరుచుకుంటుంది.

ఆ ఏర్పాటు నోవా ఒక్కదానిదే కాదు. 2010లో జియోస్ అనే ఇంకో పెద్ద ఇంగ్లీషు బడుల గొలుసు దివాలా తీసింది. అంతకుముందు 2002లో స్పెయిన్‌లో ఓపెనింగ్ అనే ఇంగ్లీషు బడులు మూతపడ్డప్పుడు ఇంకో మెలిక బయటపడింది. అక్కడ విద్యార్థుల ఫీజు బ్యాంకు అప్పుగా రాయించారు. బడి పోయింది, కిస్తీ పోలేదు. చెప్పని పాఠానికి బ్యాంకు నెలనెలా వసూలు చేస్తూ వచ్చింది. ఈ పద్ధతి మనకెంత దగ్గరో వేరే చెప్పాలా? ట్యాబ్ అమ్మి, పక్కనే ఫైనాన్స్ కాగితం మీద సంతకం పెట్టించి, తల్లిదండ్రుల ఖాతాలోంచి ఈఎంఐ లాగిన కంపెనీల సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. బైజూస్ మీద 2024 జులైలో బెంగళూరులో దివాలా ప్రక్రియ మొదలయ్యేనాటికి సిబ్బంది జీతాల ఆలస్యం రోజువారీ వార్త. 2025 జనవరిలో ఢిల్లీ చుట్టుపక్కల ఫిట్‌జీ కోచింగ్ సెంటర్లు కొన్ని మూతపడింది జీతాలు రాక టీచర్లు వెళ్లిపోవడంతోనే. తల్లిదండ్రులు అప్పటికే ఫీజులు ముందుగా కట్టేసి ఉన్నారు.

జపాన్ కథలో మనం దిగుమతి చేసుకోదగిన వస్తువు ఒకటుంది. 1976లో వాళ్లు జీతాల చెల్లింపు భద్రతకు చట్టం చేశారు. కంపెనీ దివాలా తీస్తే, ఆగిన జీతంలో 80 శాతం ప్రభుత్వ ఏర్పాటులోని సంస్థ ముందు చెల్లిస్తుంది. తర్వాత ఆ బాకీ కంపెనీ నుంచి తానే రాబట్టుకుంటుంది. వయసును బట్టి గరిష్ఠ పరిమితి ఉంటుంది. ముప్పై దాటనివారికి ఎంత బాకీ ఉన్నా 11 లక్షల యెన్ల వరకే లెక్కలోకి తీసుకుని, అందులో 80 శాతం, అంటే 8,80,000 ఇస్తారు. 45 దాటినవారికి ఆ పరిమితి మూడు రెట్లకు పైగా. పిల్లల చదువులు, ఇంటి అప్పులు ఉండే వయసని కాబోలు. ముప్పై నిండని నోవా టీచరుకు రెండు నెలల బాకీ ఐదు లక్షలనుకుంటే నాలుగు లక్షలు వస్తాయి. పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగరు. 2007 నవంబరు 26న కోర్టు నోవాను దివాలాగా ప్రకటించింది. ఇక కాగితాలు నింపుకోవాలి, బాకీ ఎంతో నిర్వాహకులు ధ్రువీకరించాలి. అన్నాళ్లూ ఇంటి యజమాని ఆగుతాడా అంటే ఆగడు. అయినా ఏమీ లేనిదానికంటే 80 శాతం చాలా నయం. లక్షలమంది విద్యార్థులకు అదీ లేదు. నాగోయాకు చెందిన జి-కమ్యూనికేషన్ అనే కంపెనీ కొన్ని శాఖలు, నోవా పేరు తీసుకుంది, పాత అప్పులు తీసుకోలేదు.

సహాషికి శిక్ష పడింది. దేనికో వినండి. ఉద్యోగుల సంక్షేమం కోసం పోగేసిన నిధిలోంచి 32 కోట్ల యెన్లు దారి మళ్లించాడన్నది కేసు. ఆ డబ్బు ఎటు పోయింది? ఆవిరి గదికి కాదు. చదువు మానేసిన విద్యార్థులకు ఫీజు వాపసు ఇవ్వడానికి వాడాడు. 2009లో ఒసాకా జిల్లా కోర్టు మూడున్నరేళ్లు వేసింది, 2010లో హైకోర్టు రెండేళ్లకు తగ్గించింది. విద్యార్థి డబ్బు శాఖలకు పోయింది, ఉద్యోగి డబ్బు విద్యార్థికి పోయింది. ఆయనకు శిక్ష జీతాలివ్వనందుకు పడలేదు. ఈ వివరం నన్ను ఆ గది కంటే ఎక్కువ కలవరపెడుతుంది. ఇందులో యజమాని కరడుగట్టిన దొంగ అయి ఉండక్కర్లేదు. ఆ ఏర్పాటులో ఎక్కడ కాస్త డబ్బు కనబడితే అక్కడికి చెయ్యి వెళుతుంది, చివరికి అది జీతగాడి పెట్టె దగ్గరికే వస్తుంది.

మన చట్టం ఏమంటుంది? 2016 దివాలా స్మృతిలో 53వ సెక్షన్ వరుస చెబుతుంది. కంపెనీని మూసేసి ఆస్తులు అమ్మితే, ముందు ప్రక్రియ ఖర్చులు. తర్వాత 'వర్క్‌మెన్' బకాయిలు 24 నెలలవి, తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులతో సమానంగా. ఆ తర్వాతే మిగతా ఉద్యోగుల బకాయిలు, అవీ 12 నెలలకే. మరి టీచరు ఏ వరుసలో? 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు వర్క్‌మన్ కాదంది. బోధన గొప్ప వృత్తి, దాన్ని కూలి పనితో, గుమాస్తా పనితో కలపలేమన్నది తర్కం. గౌరవం ఇచ్చారు, వరుసలో వెనక్కి పంపారు. గ్రాట్యుటీలోనూ అదే జరిగింది. 2004లో టీచర్లు ఆ చట్టం కిందికి రారని సుప్రీంకోర్టు అంటే, 2009లో పార్లమెంటు చట్టం సవరించి 1997 నుంచి వర్తింపజేయాల్సి వచ్చింది. జపాన్‌లో ఉన్నటువంటి జీతాల హామీ నిధి మన దగ్గర లేదు. బ్యాంకు మునిగితే డిపాజిటరుకు ఐదు లక్షల దాకా బీమా ఉంది. జీతగాడు కంపెనీ దగ్గర ఉంచిన నెల కష్టం కూడా డిపాజిట్టే కదా, వడ్డీ లేని డిపాజిట్టు. దానికెందుకు లేదో నాకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు ఇంతవరకు తగల్లేదు.

ఫీజుల విషయంలో నేను కోరేది ఇంకా చిన్నది. వచ్చే ఏడాది ఫీజు ఈ ఏడాది తీసుకుంటే, అది వేరే ఖాతాలో ఉండాలి. క్లాసు జరిగిన కొద్దీ అందులోంచి తీసుకోవాలి. ఇళ్లు కట్టేవాళ్ల విషయంలో రెరా చట్టం ఇదే చేసింది. కొనుగోలుదారు కట్టినదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచమంది. గోడకు చేసిన ఏర్పాటు పాఠానికి చేయలేమా? అలా చేస్తే కొత్త బ్రాంచీలు అంత తొందరగా పుట్టుకురావన్నది యాజమాన్యాల అభ్యంతరం. నిజమే. రావు.

చివరగా ఒక్క సంగతి. నోవా పేరు ఇప్పటికీ జపాన్‌లో ఉంది, యజమానులు మారారు. కుందేలూ ఉంది. మారింది టీచరు కాగితం. కొత్త యాజమాన్యంలో చాలామందిని ఉద్యోగులుగా కాక, పని అప్పగింత ఒప్పందం మీద విడి కాంట్రాక్టర్లుగా తీసుకున్నారు. జీతాల హామీ చట్టం కార్మికుడికే వర్తిస్తుంది. కాంట్రాక్టరుకు కాదు. పెయిడ్ లీవు కూడా అంతే. దీని మీద కొందరు టీచర్లు కోర్టుకెళితే, 2020 అక్టోబరులో నాగోయా హైకోర్టు వాళ్లు కార్మికులేనంది. కాగితం మీద ఏ పేరు రాసుకున్నా, ఎప్పుడు రావాలో ఎలా చెప్పాలో కంపెనీ చెబుతున్నప్పుడు అది ఉద్యోగమే అని.

ఈ హాల్లో కోచింగ్ సెంటర్లలో, కార్పొరేట్ కాలేజీల్లో పాఠాలు చెప్పే యువతీయువకులు చాలామంది ఉన్నారు. ఏటా జులైలో రిటర్నులు వేయించుకోవడానికి మీలాంటివాళ్లు నా దగ్గరికి వస్తారు. పొద్దున ఆరింటికి స్టడీ అవరు, రాత్రి పదింటికి డౌట్ల క్లాసు, వేలిముద్ర హాజరు. అయినా ఆదాయపు పన్ను లెక్కలో కోత జీతం మీద పడే సెక్షన్ కింద ఉండదు, వృత్తి ఫీజు మీద పడే సెక్షన్ కింద ఉంటుంది. చేతికి ఇచ్చే ఫారం కూడా జీతగాడికి ఇచ్చేది కాదు. ఫ్లాటుగా పది శాతమే కదా, రీఫండ్ కూడా వస్తుంది కదా అని సంతోషపడతారు. ఆ కాగితం ప్రకారం మీరు ఆ కాలేజీ ఉద్యోగి కాదు. పి.ఎఫ్. లేదు, గ్రాట్యుటీ లేదు. రేపు కాలేజీ మునిగితే 53వ సెక్షన్ వరుసలో ఆ 12 నెలల గడిలో కూడా మీ పేరు ఉండదు. ఇంకా కిందికి, కుర్చీలు సప్లై చేసినవాడి పక్కకు వెళుతుంది. అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉంటే తీసి చూడండి. లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంటు, హాజరు వివరాలు, టైమ్‌టేబుల్ ఫొటోలు ఇప్పటినుంచే దాచుకోండి. సందేహాలున్నవాళ్లు సభ అయ్యాక బయట వరండాలో కలవండి, ఉంటాను.